చైనీస్ నేర్పాలా? సంచి చేతికివ్వండి!

పొద్దున్నే టీ తాగారా? అయితే ఓ చైనా మాట మీ నోట్లో నానినట్టే. 'టీ కాదు, మేం చాయ్ అంటాం' అంటారా? అదీ చైనా మాటే! చైనాలో ఎక్కువ ప్రాంతాల్లో తేయాకును 'ఛా' అంటారు. అది నేలదారిన పర్షియా మీదుగా నడిచొచ్చి మన చాయ్ అయింది. చైనా ఆగ్నేయ తీరంలోని ఫుజియాన్ యాసలో అదే 'తే'. అక్కడ డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ చేరి, ఇంగ్లిష్ వాళ్ల నోట 'టీ' అయి మన దగ్గరికొచ్చింది. పదిహేడో శతాబ్దం మొదట్లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నది కూడా ఆ డచ్చి కంపెనీయే.

ఈ రెండు మాటలనూ మనకెవరూ పలక మీద రాసి దిద్దించలేదు. పరీక్ష పెట్టలేదు. వేడివేడిగా గ్లాసుతో పాటు వచ్చాయి. అందుకే తరాలు మారినా మర్చిపోలేదు. పిల్లలకు పరాయి భాష నేర్పించాలనుకునే ప్రతి తల్లీ తండ్రీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సిన విషయం ఇదే.

ఫ్రెంచి, జర్మన్, జపనీస్‌ల వరసలో ఇప్పుడు చైనీస్ గురించి అడిగేవాళ్లూ అక్కడక్కడా కనిపిస్తున్నారు. బడిలో చెబుతారేమోనని ఎదురుచూస్తే లాభం లేదు. సీబీఎస్‌ఈ బడుల్లో మాండరిన్ చైనీస్ ప్రవేశపెడతామని 2010లో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ప్రకటించారు. 2019 నాటి జాతీయ విద్యా విధానం ముసాయిదాలో ఉదాహరణగా చెప్పిన విదేశీ భాషల్లో చైనీస్ ఉంది. 2020 జులైలో వచ్చిన తుది పత్రంలో ఆ పేరు లేదు. కాబట్టి కావాలనుకున్నవాళ్లు సొంతంగా చూసుకోవాల్సిందే. సొంతంగా అనగానే మనకు తట్టేది ఏమిటి? సెల్‌ఫోన్‌లో ఓ యాప్, యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు, లేదంటే ఫీజు కట్టి ఆన్‌లైన్ క్లాసు. పిల్లాణ్ని తెర ముందు కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసి మన పనుల్లో మనం పడిపోతాం.

ఇక్కడే ఓ పాత అనుభవం గుర్తు చేసుకోవాలి. పదేళ్లు ఇంగ్లిష్ చదివి, పరీక్షలో తొంభై మార్కులు తెచ్చుకుని, రైల్లో ఎదుటి సీటాయన 'వాట్ ఈజ్ ద నెక్స్ట్ స్టేషన్?' అనడిగితే అమ్మ వెనక్కి జరిగిపోయే పిల్లలు మన ఇళ్లలో లేరా? వాళ్లకు తెలివి లేక కాదు. ఆ భాషతో వాళ్లకు ఎన్నడూ ఓ పని పడలేదు. చైనీస్‌నూ అదే దారిన నేర్పిస్తే డబ్బు, పిల్లల ఆటల వేళ రెండూ పోయి, 'నాకు భాషలు రావు' అనే భయం మాత్రం వాళ్లకు మిగులుతుంది. పోయేది చిన్నదేం కాదు!

తెరకు రాని విద్య

ఇది ఊరికే అంటున్న మాట కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం ఓ పరిశోధన చేసి 2003లో ప్రచురించింది. ఇంట్లో ఇంగ్లిష్ తప్ప మరేమీ వినని తొమ్మిది నెలల పసివాళ్లను తీసుకున్నారు. కొందరి దగ్గర చైనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ కబుర్లు చెప్పారు. ఒక్కోసారి పాతిక నిమిషాల చొప్పున నాలుగు వారాల్లో పన్నెండుసార్లు. అంతే! ఇంగ్లిష్‌లో లేని చైనీస్ ధ్వనుల తేడాను ఆ పిల్లలు తైవాన్ పసివాళ్లతో సమానంగా పట్టేశారు.

మరి కొందరు పిల్లలకు అదే మనుషుల్ని, అవే మాటల్ని, అంతే సేపు వీడియోలో చూపించారు. ఫలితం? ఏమీ లేదు. అసలు చైనీస్ వినని పిల్లలకూ వాళ్లకూ తేడా కనిపించలేదు. మాట ఒకటే, గొంతు ఒకటే. ఎదురుగా ఓ మనిషి ఉండి, కళ్లలోకి చూసి, బొమ్మ చేతికివ్వడమే తేడా. ఎదిగిన పిల్లలు వీడియోల నుంచి కొంత నేర్చుకోగలరు. అయినా చేతికి పని, ఎదుట మనిషి ఉంటే ఆ చదువే వేరు.

ఇది మనకు తెలిసిన విద్యే

'చేసి నేర్చుకోవడం' అనగానే ఇదేదో విదేశీ పద్ధతి అనుకోకండి. అక్షరాభ్యాసం రోజున మనం ఏం చేస్తాం? పళ్లెంలో బియ్యం పోసి, పిల్లాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. వెనకటి వీధిబడుల్లో పిల్లలు ఇసుక పరుచుకుని వేలితో రాసుకునేవారు. మద్రాసులో పిల్లలు అలా ఇసుకలో రాయడాన్ని చూసి ముచ్చటపడ్డ ఆండ్రూ బెల్ అనే పాదరీ, తాను నడిపే అనాథ బాలుర బడిలో అదే పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అది ఇంగ్లండు బడుల్లోకి వెళ్లింది.

తర్వాత ఇటలీలో మారియా మాంటిస్సోరీ గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, పిల్లల చేత వేలితో తడిమించి నేర్పింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆ గాలి బెజవాడకూ వీచింది. వి.కోటేశ్వరమ్మ 1955లో ఇక్కడ మాంటిస్సోరీ బడి పెట్టారు. అదే పేరుతో మహిళా కళాశాల కూడా వచ్చింది. విద్యారంగంలో ఆమె సేవకు 2017లో పద్మశ్రీ దక్కింది. 2019లో కన్నుమూశారు. చేతికి పని చెబితే బుర్ర దానంతటదే కదులుతుందన్న పద్ధతికి మన ఊళ్లో డెబ్బై ఏళ్ల చరిత్ర ఉందన్నమాట.

ఇంకాస్త దూరం, మొవ్వ పక్కనున్న కూచిపూడి దాకా వెళ్దాం. అక్కడ ఏడెనిమిదేళ్ల పిల్ల 'పతాక' అంటూ వేళ్లన్నీ కలిపి చాపుతుంది. 'త్రిపతాక' అంటూ ఉంగరపు వేలు మడుస్తుంది. అభినయ దర్పణం చెప్పే ఒంటిచేతి ముద్రలు ఇరవై ఎనిమిది. అన్నీ సంస్కృతం పేర్లే. ఆ పిల్లకు సంస్కృత వ్యాకరణం రాదు. కానీ పేరు వినగానే చెయ్యి లేస్తుంది, చెయ్యి లేవగానే పేరు గుర్తొస్తుంది. అమెరికాలో జేమ్స్ యాషర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1960ల్లో జపనీస్, రష్యన్ భాషలతో ప్రయోగాలు చేసి చెప్పిందీ ఇదే. ముందు పిల్లల్ని మాట్లాడమనకండి, చెప్పింది విని చేయనివ్వండి అన్నాడాయన. 'లే', 'తలుపు తియ్యి', 'పుస్తకం తే' అంటే చాలు. పని చేస్తూ చేస్తూ ఓ రోజు వాళ్లే నోరు విప్పుతారు. మన ఇళ్లలో పసివాళ్లకు తెలుగు వచ్చిందీ అలాగే కదా!

వడ్లు, బియ్యం, అన్నం

సరే, పద్ధతి బాగుంది. కానీ చైనీస్ మరీ కష్టమేమోనని మీ భయం. కష్టమే. అయితే డెల్టాలో పుట్టిన తెలుగు పిల్లలకు కలిసొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. వింటే మీరే ఆశ్చర్యపోతారు.

పొలంలో ఉన్నది వరి. దంచితే బియ్యం. వండితే అన్నం. ఇంగ్లిష్‌లో చాలావరకు అన్నింటికీ 'రైస్' ఒక్కటే. చైనీస్ అలా కాదు. పైరుగా ఉంటే 'దావ్', బియ్యమైతే 'మీ', అన్నమైతే 'ఫాన్'. వరి పండించే జాతికే తెలిసే తేడా ఇది! భోజనం చేయడమంటే వాళ్ల భాషలోనూ 'అన్నం తినడమే'. ఎదురుపడినప్పుడు 'అన్నం తిన్నావా?' అని పలకరించుకోవడం మనకెలా అలవాటో, చైనాలో పాతకాలం మనుషులకూ అలాగే అలవాటు.

చుట్టరికాలు చూడండి. 'బ్రదర్' అంటే అన్నో తమ్ముడో తెలియక మనం తల గోక్కుంటాం. చైనాలో అన్న 'గెగె', తమ్ముడు 'దీది'. అక్క 'జియెజియె', చెల్లి 'మేమే'. పెదనాన్న 'బోబో', చిన్నాన్న 'షూషూ', మేనమామ 'జియుజియు'. అమ్మమ్మ వేరు, నాయనమ్మ వేరు. నాయనమ్మను ఏమంటారో తెలుసా? 'నైనై'! సంక్రాంతికి అందరూ చేరినప్పుడు పిల్లల చేత ఇంటిల్లిపాదినీ ఆ పిలుపులతో పిలిపించండి. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా తెలుగు నుంచి నేరుగా చైనీస్‌లోకి గడప దాటొచ్చు.

మనం పూలను మూరల్లో కొంటాం. తోటకూరను కట్టల్లో, అరటిపళ్లను గెలల్లో లెక్కపెడతాం. 'మూడు పిల్లలు' అనం, 'ముగ్గురు పిల్లలు' అంటాం. చైనీస్‌లో ఇలాంటి లెక్క మాట ప్రతి వస్తువుకూ ఉంటుంది. పొడుగ్గా వంపులు తిరిగేవాటికి 'థియావ్'. బల్లపరుపుగా ఉండేవాటికి 'జాంగ్'. పుస్తకాలకు 'బెన్'. కృష్ణానదికీ, అందులో చేపకూ, ఒడ్డునుంచి వెళ్లే రోడ్డుకూ ముందు చేర్చేది ఒకటే 'థియావ్'. ఈ ముక్క పుస్తకంలో పట్టిక వేసి బట్టీ పట్టిస్తే పిల్లాడికి నిద్రొస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి వేలితో చూపిస్తే ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది.

ఇక లిపి. చైనీస్‌లో పొలాన్ని సూచించే అక్షరం ఓ చతురస్రం, దాని మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. అంతే... గట్లు వేసిన నాలుగు మడులు! పామర్రు వైపో గుడివాడ వైపో బస్సులో వెళ్తుంటే దారిపొడవునా కనిపించే బొమ్మే అది. కొండ అక్షరానికి మూడు శిఖరాలు. చెట్టు అక్షరాన్ని పక్కపక్కన రెండుసార్లు రాస్తే తోపు, మూడుసార్లు పేరిస్తే అడవి. అన్ని అక్షరాలూ ఇంత తేలిగ్గా బొమ్మల్లా ఉండవు. కానీ మొదలుపెట్టడానికి ఇవి చాలు.

చారు అడిగితే చక్కెర!

అసలు చిక్కు స్వరాలతో. మాండరిన్‌లో ఒకే మాటను నాలుగు తీర్లుగా పలకొచ్చు. గొంతు ఎత్తి నిలకడగా, కింద నుంచి పైకి, కిందికి ముంచి లేపుతూ, పైనుంచి ఒక్కసారిగా దించుతూ. తీరు మారితే అర్థమే మారిపోతుంది. 'థాంగ్' నిలకడగా అంటే చారులాంటి సూపు. పైకి లేపితే చక్కెర! 'మై' అని ముంచి లేపితే కొనడం, దించితే అమ్మడం.

మనకిది పూర్తిగా కొత్తేమీ కాదు. రాత్రి కథ వింటూ పిల్లలు కొట్టే 'ఊఁ' ఒకటి. 'ఊఁ?' అని ప్రశ్నించేది ఒకటి. తండ్రి కళ్లెర్రజేసి 'ఊఁ!' అంటే అది ఇంకొకటి. చైనావాళ్లు ఈ పనిని ప్రతి మాటకూ చేస్తారు. అందుకే స్వరాన్ని చేత్తో చూపించడం నేర్పండి. మాటతో పాటు చెయ్యి గాల్లో తిన్నగా, ఏటవాలుగా, గుంటలా, కిందికి కదలాలి. సంగీతం పాఠంలో తాళం వేసినట్టు అన్నమాట.

మరో కిటుకు. చైనీస్‌ను ఇంగ్లిష్ లిపిలో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు. 1958 నుంచి చైనా బడుల్లో పిల్లలు దానితోనే మొదలుపెడతారు. అందులో 'బి' అని రాసింది నిజానికి మన 'ప'కు దగ్గర. 'పి' అని రాసింది పెదవులు కలిపి ఊపిరి గట్టిగా వదిలే ఒత్తు 'ఫ'కు దగ్గర. త-థ, క-ఖల సంగతీ అంతే. ఇంగ్లిష్ పిల్లలు తికమకపడే ఈ తేడా మన వర్ణమాలలోనే ఉంది. ఓ సన్నటి కాగితం ముక్కను పిల్లాడి పెదవుల ముందు పట్టుకోండి. 'ప' అంటే కదలకూడదు, ఒత్తు 'ఫ' అంటే ఎగరాలి. వ్యాకరణ పాఠం కాస్తా ఆటైపోతుంది!

ఇంట్లో ఏం చేయొచ్చంటే...

మీకు చైనీస్ ఒక్క ముక్క రాకపోయినా ఈ పనులు చేయించొచ్చు. టీచరు ఆ వారం చెప్పిన నాలుగు మాటలకు ఇంట్లో ఓ పని వెతికి పెట్టడమే మీ బాధ్యత.

సంచి ఆట: ఆదివారం రైతుబజారుకు పిల్లల్ని తీసుకెళ్లండి. సంచి, చిల్లర వాళ్ల చేతికివ్వండి. అమ్మేవాళ్లతో తెలుగులోనే బేరం. కానీ చీటీలో ఉన్న అయిదు కూరగాయల పేర్లూ, ఎన్ని కావాలో ఆ అంకెలూ చైనీస్‌లో. ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర దుకాణం పెట్టాలి. అన్న అమ్ముతాడు, చెల్లి కొంటుంది. ఇక్కడే కొనే 'మై'కి, అమ్మే 'మై'కి తేడా తెలియకపోతే సరుకు చేతులు మారదు. తప్పు దిద్దడానికి బెత్తం అక్కర్లేదు, వంకాయలే దిద్దుతాయి.

చేతి అంకెలు: చైనాలో పది దాకా అంకెల్ని ఒంటిచేత్తోనే చూపిస్తారు. అయిదు దాకా మనలాగే. ఆరుకు బొటనవేలు, చిటికెనవేలు చాపుతారు. ఎనిమిదికి చాలాచోట్ల బొటనవేలు, చూపుడువేలు. లెక్క కూడా తేలికే. పదకొండంటే 'పది-ఒకటి', ఇరవై అంటే 'రెండు-పది'. మెట్లెక్కుతూ, పళ్లేలు సర్దుతూ, ఆరేసిన బట్టలు తీస్తూ లెక్కపెట్టించండి.

కజ్జికాయ పాఠం: చైనా కొత్త సంవత్సరానికి ముందురోజు రాత్రి, ముఖ్యంగా ఉత్తరాదిన, ఇంటిల్లిపాదీ కూర్చుని 'జియావ్‌జ' చేస్తారు. పిండి ఒత్తి, కూరగాయలో మాంసమో పెట్టి, అర్ధచంద్రంలా మడిచి అంచులు నొక్కుతారు. అచ్చం మన కజ్జికాయే, తీపి తప్ప! పండక్కి మీరు కజ్జికాయలు చేసే రోజున పిల్లల్నీ కూర్చోబెట్టండి. 'నా' అంటే తీసుకో. 'ఫాంగ్' అంటే పెట్టు. 'బావ్' అంటే చుట్టు. 'గెయ్ వో' అంటే నాకివ్వు. నూట యాభై కజ్జికాయలయ్యేసరికి ఈ నాలుగు మాటలూ ఎన్నిసార్లు వినబడతాయో లెక్కేసుకోండి. ఏ నోటు పుస్తకంలో అన్నిసార్లు రాయిస్తారు?

నీళ్ల రాత: చైనా పార్కుల్లో పొద్దున్నే పెద్దవాళ్లు పొడుగాటి కుంచెను నీళ్లలో ముంచి నేల మీద అక్షరాలు రాస్తుంటారు. ఎండకు అవి ఆరిపోతాయి, మళ్లీ రాస్తారు. మన డాబా చాలదూ? ముగ్గు వేసే చేతికి ఏ చుక్క తర్వాత ఏ గీతో తెలిసినట్టే, చైనీస్ అక్షరానికి ఏ గీత ముందో ఏది తర్వాతో ఓ క్రమం ఉంది. చిన్న కుంచె, చెంబుడు నీళ్లు ఇవ్వండి. తప్పు రాసినా రెండు నిమిషాల్లో మాయం. పిల్లలకు అంతకంటే ధైర్యం ఏం కావాలి!

మనిషిని వెతకండి

ఇన్ని చెప్పాక ఓ నిజం కూడా చెప్పాలి. ఆటలతోనే చైనీస్ వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. చైనా పిల్లలు కూడా ఆరో తరగతి పూర్తయ్యేలోపు మూడు వేల దాకా అక్షరాలు గుర్తుపట్టాలి. వాటిలో రెండున్నర వేలు రాయగలగాలి. అది ఏళ్ల తరబడి దిద్దితే వచ్చే విద్య. పని ద్వారా నేర్పడం వల్ల మాట నాటుకుంటుంది, భయం పోతుంది, ఇష్టం పుడుతుంది. దిద్దడం దాని వెనకాలే రావాలి. ఇష్టం పుట్టిన పిల్లకు దిద్దడం బరువనిపించదు.

రెండోది, గురువు. ఉచ్చారణ మాత్రం తెలిసినవాళ్ల నోటి నుంచే రావాలి. ఆ మనిషిని ఎక్కడ తేవాలంటారా? మీ వీధిలోనే ఉన్నారేమో చూడండి! కోవిడ్‌కు ముందు చైనా విశ్వవిద్యాలయాల్లో 23 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులు ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది వైద్య విద్యార్థులే. మన కోస్తా జిల్లాల పిల్లలూ అందులో ఉన్నారు. క్లాసులో పాఠం ఇంగ్లిష్‌లో జరిగినా, ఆసుపత్రి వార్డులో మంచం మీదున్న ముసలమ్మకు వచ్చింది చైనీస్ ఒక్కటే. 'ఎక్కడ నొప్పి? ఎప్పట్నుంచి? ఏం తిన్నారు?' ఈ మూడు ప్రశ్నలూ అడగలేనివాడికి అక్కడ వైద్యం ఎలా వస్తుంది?

2020లో కరోనాతో ఇళ్లకు చేరిన ఆ విద్యార్థులకు 2022 ఆగస్టు దాకా తిరిగి వెళ్లడానికి వీసాలు దొరకలేదు. అన్నాళ్లూ ఆన్‌లైన్ పాఠాలే. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివిన వైద్యాన్ని గుర్తించబోమని జాతీయ వైద్య కమిషన్ 2022 ఫిబ్రవరిలోనే తేల్చిచెప్పింది. రోగిని ముట్టుకోకుండా వైద్యం రాదని మనందరం ఒప్పుకుంటాం. భాష దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతాం?

వాళ్ల కంటే ముందు నడిచినవారూ ఉన్నారు. షోలాపూర్‌లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1938లో భారత వైద్య బృందంతో చైనా వెళ్లారు. జపాన్ దాడుల మధ్య గాయపడినవారికి చికిత్స చేస్తూ చైనీస్ నేర్చుకున్నారు. 1942లో 32 ఏళ్లకే అక్కడే కన్నుమూశారు. 

అందుకని మీ పేటలో చైనాలో చదివొచ్చిన యువ డాక్టరు ఎవరైనా ఉంటే వారానికో గంట అడిగి చూడండి. నలుగురైదుగురు పిల్లలు కలిస్తే చాలు. క్లాసు గదిలో కాదు, ఎవరో ఒకరి వంటింట్లో. ఆన్‌లైన్ తప్పదనుకుంటే రికార్డు చేసిన పాఠం వద్దు. పిల్లాడి పేరు పెట్టి పిలిచి, 'నీ చేతిలో ఏముంది, చూపించు' అని అడిగే మనిషి తెర అవతల ఉండాలి. ఒక్క మాట... మూడు నెలలు చూశాక పిల్లకు ఇష్టం లేదని తెలిస్తే ఆపేయండి. పక్కింటివాళ్ల పిల్లాడు నేర్చుకుంటున్నాడన్నది కారణం కాదు.

మన తెలుగు ఏమవుతుంది?

'ఉన్న తెలుగే సరిగ్గా రావడం లేదు, మళ్లీ చైనీసా?' అని బామ్మ గదిలోంచి గొణుగుడు వినిపిస్తోంది కదూ! ఆవిడ అడిగిందాంట్లో న్యాయం ఉంది. వరి, వడ్లు, బియ్యం, నూకలు, అన్నం... వీటి తేడా తెలుగులోనే తెలియని పిల్లకు 'దావ్, మీ, ఫాన్' చెప్పి ఏం లాభం? మూర, కట్ట, గెల తెలియని పిల్లాడికి 'థియావ్' ఎక్కడ అతుక్కుంటుంది? పెదనాన్నకూ మేనమామకూ 'అంకుల్' అనే పిల్ల 'బోబో' ఎవరో ఎలా పోల్చుకుంటుంది? చైనీస్ నిలబడేది ఇంట్లో ఉన్న తెలుగు మీదే. కాబట్టి ప్రతి పనిలోనూ ముందు తెలుగు మాట రావాలి, దాని పక్కన చైనీస్ మాట చేరాలి.

ఏడో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ అనే చైనా యాత్రికుడు మన కృష్ణా తీరానికి వచ్చాడు. ఇక్కడి ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి పక్కనున్న ధరణికోట ప్రాంతంలో, కొన్ని నెలలు ఉన్నాడు. అది బెజవాడేనని పందొమ్మిదో శతాబ్దంలో కొందరు ఆంగ్ల పరిశోధకులు వాదించారు కూడా. ఆంధ్రదేశం వారి మాటతీరు మధ్యదేశానికి భిన్నంగా ఉందని, లిపి మాత్రం దాదాపు కలుస్తోందని రాసుకున్నాడు. ఇక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర వారి శాఖ శాస్త్రాలు చదువుకున్నాడు. బదులుగా తాను నేర్చిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. చేతి నుంచి చేతికి ఇచ్చిపుచ్చుకున్న చదువు!

మీ పిల్లకు చైనీస్ చెప్పే మనిషి చైనా నుంచే తెర మీదికొస్తే, మొదటి రోజే పిల్ల చేత ఓ తెలుగు మాట ఆ టీచరుకు నేర్పించండి. కజ్జికాయో, గోంగూరో, ఏదో ఒకటి. అవతలి మనిషి దాన్ని తప్పుగా పలికి నవ్వుతుంటే, తానూ తప్పుగా పలకొచ్చన్న ధైర్యం పిల్లకు వస్తుంది. భాషకు ఆ ధైర్యమే మొదటి మెట్టు. వచ్చే ఆదివారం కూరగాయలకు వెళ్లేటప్పుడు సంచి మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి.